నాథన్ ఆగస్టస్ కాబ్

నాథన్ ఆగస్టస్ కాబ్ (జూన్ 30, 1859 - జూన్ 4, 1932) అమెరికాకు చెందిన ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త, వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుడు. పంటల వేళ్ళను, దుంపలను ఆశించే నులిపురుగుల అధ్యయనాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా రూపొందించి, దానికి నెమటాలజీ అని నామకరణం చేసినవాడు ఈయనే. అందువలన ఈయనను అమెరికాలో నెమటాలజీ పితామహుడని వ్యవహరిస్తారు. అరటి వేరును తొలిచే నులిపురుగు (1893), నిమ్మజాతి నులిపురుగు (1913), బంగాళాదుంపను ప్రత్తిని ఆశించే వేరుమచ్చ నులిపురుగు (1917) మొదలైనవాటిని తొలిసారిగా వర్ణించి శాస్త్రీయ నామములు ఇచ్చాడు. మట్టినుండి నులిపురుగులను వేరుచేసి లెక్కించుటకు ఈయన రూపొందించిన జల్లెడ పద్ధతి భారతదేశపు ప్రయోగశాలలలో నేటికీ వాడుకలో ఉన్నది.

నేపథ్యం

నులిపురుగులు సన్నని దారపు పోగువంటి శరీరం కలిగిన జీవులు. వానపాముకు ఉన్నట్లు వీటి దేహం వలయాలుగా విభజింపబడి ఉండదు. పిల్లల ప్రేగులలోని ఏలికపాములు, బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిములు కూడా ఈ వర్గానికి చెందినవే. అయితే పైరులను ఆశించే జాతులలో అధికభాగం ఒక మిల్లీమీటరు పొడవుకు మించవు. పారదర్శకంగా ఉండుటవలన మట్టిలో కంటికి కనిపించవు. వీటి నోటిలో సూదివంటి ముల్లు ఒకటి ఉంటుంది. దానితో వేరు కణములను గుచ్చి రసమును పీల్చుకుంటాయి.

కాబ్ కు ముందు వీటిని గురించిన జ్ఞానం చెదురుమదురుగా ఉండేది. 1743లో ఇంగ్లండులో నీధమ్ అనే శాస్త్రజ్ఞుడు ముడుచుకుపోయిన గోధుమగింజలలో వీటిని చూశాడు. 1855లో బర్క్‌లీ అద్దాల గృహాలలో పెంచిన దోస మొక్కల వేళ్ళపై బుడిపెలను గమనించాడు. 1859లో, అనగా కాబ్ జన్మించిన సంవత్సరంలోనే, జర్మనీలో షాఖ్ట్ చక్కెరదుంప వేళ్ళపై గుల్ల నులిపురుగును కనుగొన్నాడు. 1881లో ఆ దేశంలోనే బంగాళాదుంప వేళ్ళపై ఇటువంటి గుల్లలు ఉన్నట్లు క్యూన్ నమోదు చేశాడు. అయినప్పటికీ దిగుబడి ఏటేటా తగ్గుతూంటే నేల అలసిపోయినదనియే రైతులు, పండితులు కూడా భావించేవారు. చేనులో అక్కడక్కడ మాత్రమే మొక్కలు గిడసబారటానికి కారణం ఒక జీవి కావచ్చునన్న ఆలోచన అంతగా ప్రచారంలో లేదు.

బాల్యం, విద్య

కాబ్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్పెన్సర్ అనే ఊరిలో జన్మించాడు. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. చిన్ననాటినుండే పొలం పనులు చేయవలసివచ్చినందున క్రమబద్ధమైన పాఠశాల విద్య అంతగా సాగలేదు. స్వయంకృషితో చదువుకొని, యౌవనారంభంలోనే ఉపాధ్యాయునిగా పనిచేశాడు. ఆ తరువాత వూస్టర్ లోని పాలిటెక్నిక్ విద్యాసంస్థలో చేరి 1881లో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరం నుండి ఆరేళ్ళపాటు విల్లిస్టన్ సెమినరీ అనే పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించాడు.

1887లో కుటుంబంతో సహా జర్మనీకి వెళ్ళి యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హేకెల్ వద్ద విద్యాభ్యాసం చేశాడు. నులిపురుగుల శరీర నిర్మాణంపై పరిశోధనా వ్యాసం సమర్పించి 1888లో డాక్టరేటు పొందాడు. తరువాత కొంతకాలం ఇటలీలోని నేపుల్స్ సముద్రజీవ పరిశోధనా కేంద్రంలో పనిచేశాడు. చిత్రలేఖనంలో ఈయనకు గల ప్రావీణ్యం ఈ కాలంలో బాగా ఉపకరించింది. సూక్ష్మదర్శినిలో చూచిన ప్రతి అవయవాన్ని కొలతలతో సహా చిత్రించటం ఈయనకు జీవితాంతం అలవాటు.

ఆస్ట్రేలియాలో

1889లో కాబ్ ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి వెళ్ళాడు. ఆరంభంలో స్థిరమైన ఉద్యోగం లభించలేదు. కొద్దికాలానికి న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయశాఖలో వృక్షవ్యాధి శాస్త్రజ్ఞునిగా నియమితుడయ్యాడు. ఆ దేశంలో ఈ ఉద్యోగం చేసిన మొదటి తరం వారిలో ఈయన ఒకడు. 1890లోనే ఆ శాఖ పత్రికలో వేరు బుడిపెల వ్యాధిపై సవివరమైన వ్యాసం ప్రచురించాడు.

ఆ కాలంలో ఆస్ట్రేలియా రైతులకు ప్రధాన సమస్య గోధుమ కుంకుమతెగులు. ఆకుపై తెగులు ఎంత భాగం ఆక్రమించినదో చెప్పటానికి కాబ్ 1892లో ఒక చిత్రరూప కొలమానం తయారుచేశాడు. 1948లో దీనిని కొంత సవరించారు. సవరించిన కాబ్ కొలమానం అనే పేరుతో ప్రపంచమంతటా గోధుమ పరిశోధకులు దీనిని వాడుతున్నారు. కంటికి తోచినట్లు కాక ఒక లెక్క ప్రకారం నష్టాన్ని చెప్పాలన్న ఈయన పట్టుదల ఇక్కడే మొదట వ్యక్తమైనది.

1893లో ఆస్ట్రేలియా, ఫిజీ దీవుల నులిపురుగులపై ఈయన ప్రచురించిన గ్రంథంలో ఫిజీ అరటి వేళ్ళనుండి సేకరించిన ఒక కొత్త జాతి వర్ణన ఉన్నది. దీనిని నేడు రాడోఫోలస్ సిమిలిస్ అంటారు. ఇది వేరులోపల సొరంగాలవలె తొలుచుకుంటూ పోతుంది. వేళ్ళు నల్లబడి కుళ్ళుటచేత గెల వేసిన చెట్టు చిన్న గాలికే కూలిపోతుంది. దక్షిణ భారతదేశంలో ఈ జాతి ఉనికిని 1966లో కేరళలోని అరటితోటలలో గుర్తించారు.

హవాయి, వాషింగ్టన్

1905లో కాబ్ హవాయి దీవులకు వెళ్ళి అక్కడి చెరకు రైతుల సంఘపు పరిశోధనా కేంద్రంలో వృక్షవ్యాధి విభాగాన్ని నెలకొల్పాడు. చెరకు వేరుకుళ్ళుకు కారణమైన శిలీంధ్రములను, నులిపురుగులను పరిశీలించాడు. 1907లో అమెరికా వ్యవసాయశాఖలో చేరి వాషింగ్టన్ నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ ఈయనకు మొదట అప్పగించిన పని ప్రత్తికి సంబంధించినది. ప్రత్తి నాణ్యతను నిర్ణయించే ప్రమాణాలను రూపొందించటంలో, దూది పోగు పొడవును కొలిచే విధానాలలో ఈయన కృషిచేశాడు. ఈ పనితోపాటు నులిపురుగుల పరిశోధన కొనసాగించాడు. క్రమంగా అదే ఈయన ప్రధాన వ్యాసంగమైనది.

కాలిఫోర్నియాలో 1912లో నారింజ వేళ్ళపై కనబడిన నులిపురుగును 1913లో కాబ్ వర్ణించి టైలెంకులస్ సెమిపెనిట్రాన్స్ అని పేరుపెట్టాడు. ఆడపురుగు తలభాగం వేరులోపల, తోకభాగం వేరు వెలుపల ఉండుటచేత సగం చొచ్చుకొనునది అనే అర్థంలో ఈ పేరు వచ్చింది. బత్తాయి, నిమ్మ చెట్లు ఏళ్ళ తరబడి నెమ్మదిగా క్షీణించటానికి ఇది ఒక ముఖ్యకారణం.

నెమటాలజీ స్థాపన

నులిపురుగుల అధ్యయనం అంతకుముందు క్రిమిశాస్త్రంలో ఒక చిన్నభాగంగా పరిగణింపబడేది. ప్రేగులలోని క్రిములను చదివే వైద్యుల దృష్టికి మట్టిలోని జాతులు వచ్చేవి కావు. కాబ్ 1914 ప్రాంతంలో దీనిని స్వతంత్రశాస్త్రంగా గుర్తించాలని ప్రతిపాదించాడు. అమెరికా వ్యవసాయశాఖ 1914 వార్షిక సంచికలో సామాన్య పాఠకులకోసం రాసిన వ్యాసంలో, భూమిమీద ఇవి లేని చోటు లేదని అనేక ఉదాహరణలతో వివరించాడు. 1919లో వీటిని ఒక ప్రత్యేక జంతువర్గంగా పరిగణించాలని సూచించాడు. ఆనాడు అభిప్రాయభేదాలు ఉన్నప్పటికీ నేడు నులిపురుగులను ఒక ప్రత్యేక వర్గంగానే శాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు. 1914 నుండి వెలువడిన ఈయన పరిశోధనా పత్రాల సంపుటి మరణానంతరం 1935 వరకు కొనసాగింది.

జల్లెడ పద్ధతి

కాబ్ కృషిలో సామాన్య రైతుకు మిక్కిలి చేరువైనది మట్టి పరీక్షా విధానం. 1918లో ప్రచురించిన ఈ పద్ధతి సూత్రం చాలా సులభమైనది. చేనులో పలుచోట్ల వేళ్ళ దగ్గరనుండి తీసిన మట్టిని బక్కెట్టు నీటిలో కలియబెట్టి కొద్ది క్షణాలు ఉంచాలి. బరువైన ఇసుక, రాళ్ళు అడుగుకు చేరతాయి. తేలికైన నులిపురుగులు నీటిలోనే తేలియాడుతూంటాయి. ఆ నీటిని వెంటనే ముతక జల్లెడనుండి క్రమంగా సన్నని జల్లెడల మీదుగా వంచాలి. చివరి జల్లెడపై నిలిచిన ఒండును గాజుపళ్ళెంలోనికి కడిగి సూక్ష్మదర్శినితో చూస్తే కదులుతున్న పురుగులు కనిపిస్తాయి. ఎంత మట్టికి ఎన్ని పురుగులో లెక్కించటం ఈ విధంగా సాధ్యమైనది. ఎకరా నేల పైపొరలో వందల కోట్ల నులిపురుగులు ఉండగలవని కాబ్ అంచనా వేశాడు. వీటిలో అధికభాగం పైరుకు హాని చేయనివేనని కూడా ఈయన గుర్తించాడు.

నమూనాలను రెండువైపులనుండి చూడటానికి వీలుగా అల్యూమినియం చట్రంలో రెండు పలుచని గాజుబిళ్ళలను అమర్చే విధానం కూడా ఈయనదే. దీనిని కాబ్ స్లైడు అంటారు.

బంగాళాదుంప, ప్రత్తి నులిపురుగు

1917లో కాబ్ ఒకే వ్యాసంలో బంగాళాదుంపను, ప్రత్తిని ఆశించే ఒక కొత్త నులిపురుగును వర్ణించాడు. దీనిని నేడు ప్రాటిలెంకస్ పెనిట్రాన్స్ అంటారు. వేరుమచ్చ నులిపురుగుల ప్రజాతిలో ఇది ముఖ్యమైనది. బంగాళాదుంపను ఆశించే నులిపురుగులలో మూడు ప్రధాన రకాలు ఉన్నాయి. వాటి జీవనవిధానాలు వేరువేరుగా ఉన్నందున నివారణ కూడా వేరువేరుగా ఉంటుంది.

* వేరుమచ్చ నులిపురుగు: ఇది జీవితాంతం సంచారి. వేరులోనికి ప్రవేశించి కణములను చంపుతూ ముందుకు కదులుతుంది. వేరులో గాని మట్టిలో గాని గ్రుడ్లను విడివిడిగా పెడుతుంది. అది పోయిన దారి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. ఆ గాయాలగుండా శిలీంధ్రములు ప్రవేశిస్తాయి. వెర్టిసిలియం అనే శిలీంధ్రముతో ఇది జతకూడినప్పుడు బంగాళాదుంప మొక్కలు కాలం తీరకముందే ఎండిపోతాయి.

* వేరు బుడిపెల నులిపురుగు: మెలాయిడోగైన్ ప్రజాతికి చెందినది. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు వేరులో ఒకచోట స్థిరపడి చుట్టూ ఉన్న కణములను పెద్దవిగా మారుస్తుంది. ఆ చోట వేరు ఉబ్బి బుడిపె ఏర్పడుతుంది. ఆడపురుగు గుండ్రంగా పెరిగి జిగురుసంచిలో వందల సంఖ్యలో గ్రుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో ఒక తరం సుమారు నెలరోజులలో పూర్తవుతుంది. ఇది సోకిన దుంప పైభాగం మొటిమలుగా మారుతుంది.

* గుల్ల నులిపురుగు: గ్లోబోడెరా రోస్టోకియెన్సిస్, గ్లోబోడెరా పాలిడా అనే రెండు జాతులు. ఆడపురుగు మరణించిన తరువాత దాని శరీరమే గట్టి గుల్లగా మారి వందలాది గ్రుడ్లను కాపాడుతుంది. బంగాళాదుంప వేళ్ళనుండి ఊరే రసాయనాలు తగిలినప్పుడే అధికభాగం గ్రుడ్లు పొదుగుతాయి. అంతవరకు ఇరవై ఏళ్ళకు పైగా కూడా మట్టిలో సజీవంగా ఉండగలవు. ఇది చల్లని ప్రదేశాల పురుగు.

మేలుచేసే నులిపురుగులు

1917లోనే కాబ్ మోనాంక్ అనే వర్గపు నులిపురుగులపై మరొక గ్రంథం ప్రచురించాడు. ఇవి ఇతర నులిపురుగులను వేటాడి తింటాయి. వీటిని ఒక ప్రాంతమునుండి మరొక ప్రాంతానికి తరలించి పంటలను కాపాడవచ్చునని 1920లో సూచించాడు. ఆ ప్రయత్నం విస్తృతంగా ఫలించకపోయినప్పటికీ జీవనియంత్రణ అన్న ఆలోచనకు ఇది తొలి రూపాలలో ఒకటి.

కుటుంబం, మరణం

కాబ్ భార్య పేరు ఆలిస్. 1889లో సిడ్నీలో జన్మించిన వీరి కుమార్తె ఫ్రీడా కాబ్ బ్లాంచర్డ్ (1889 - 1977) అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో వృక్ష జన్యుశాస్త్రవేత్తగా పేరుపొందింది. తండ్రి ఆస్ట్రేలియా జీవితాన్ని గూర్చి 1957లో ఒక వ్యాసం ప్రచురించింది. కాబ్ 1932 జూన్ 4న బాల్టిమోర్ నగరంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 72 సంవత్సరాలు. ఆయన వద్ద తయారైన శాస్త్రజ్ఞులు, సహచరులు ఆ పరిశోధనను కొనసాగించారు.

మరణానంతరం

నులిపురుగుల వలన కలిగే నష్టం ఎంతటిదో కాబ్ జీవితకాలంలో పూర్తిగా రుజువు కాలేదు. 1943లో హవాయిలోని అనాస తోటలలో వాల్టర్ కార్టర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోనికి ఒక ధూమకారక రసాయనాన్ని ఎక్కించి చూశాడు. మందు వేసిన చాళ్ళలో మొక్కలు ఏపుగా పెరిగాయి. నేల అలసట అని భావించినదానిలో ఎంత భాగం పురుగులదో అప్పుడు రైతుల కళ్ళముందే తేలిపోయింది. అటుపిమ్మట ఇటువంటి రసాయనాల వాడకం విపరీతంగా పెరిగింది. అయితే వాటిలో ఒకటైన డి.బి.సి.పి. తయారీ కార్మికులలో సంతానలేమి కలిగిస్తున్నట్లు 1977లో బయటపడింది. దీనితో పంటమార్పిడి, తట్టుకొనే రకాలు, శుభ్రమైన విత్తనం వంటి పద్ధతులవైపు మరల దృష్టి మళ్ళింది.

అమెరికాలో బంగాళాదుంప గుల్ల నులిపురుగును 1941లో న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్ లో గుర్తించారు. భారతదేశంలో దీనిని 1961లో నీలగిరి కొండలలోని ఉదకమండలంలో ఎఫ్.జి.డబ్ల్యు. జోన్స్ కనుగొన్నాడు. అక్కడి విత్తన దుంపలు ఇతర రాష్ట్రాలకు పోకుండా ఆంక్షలు విధించారు. ఈ పురుగును తట్టుకొనే కుఫ్రీ స్వర్ణ అనే రకాన్ని 1985లో విడుదల చేశారు. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్ము కాశ్మీర్ లలోని విత్తన క్షేత్రాలలో కూడా ఈ పురుగు కనిపించుటచేత 2018లో అక్కడి విత్తన దుంపల రవాణాపై కేంద్రప్రభుత్వం ఆంక్షలు ప్రకటించింది. ఒకసారి మట్టిలో చేరితే తొలగించటం దాదాపు అసాధ్యం గనుక రాకుండా చూచుకొనుటయే దీనికి ప్రధానమైన నివారణ.

భారతదేశంలో పంటల నులిపురుగును మొదట 1901లో సి.ఎ. బార్బర్ అనే శాస్త్రజ్ఞుడు నమోదు చేశాడు. దక్షిణాదిలోని దేవాల తేయాకు తోటలో కనిపించినది వేరు బుడిపెల నులిపురుగు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1966లో నెమటాలజీ విభాగం ఏర్పడింది. 1977లో అఖిలభారత సమన్వయ పరిశోధనా పథకం ప్రారంభమైంది.

ఆంధ్ర ప్రాంతపు పంటలతో సంబంధం

తెలుగునాట బంగాళాదుంపను చిత్తూరు జిల్లా పశ్చిమభాగంలోను, తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలోను పండిస్తారు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలలో (ఇవి 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి) బంగాళాదుంప ముఖ్యమైన పంట కాదు. అక్కడి నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప ప్రధానమైనవి. కంది, మామిడి కూడా ఉన్నాయి. అయినప్పటికీ కాబ్ ఒకే పురుగును బంగాళాదుంపలోను ప్రత్తిలోను చూచిన విషయం ఈ ప్రాంతానికి కూడా వర్తించే పాఠం. చాలా నులిపురుగులు ఒక్క పైరుకే పరిమితం కావు. వేరు బుడిపెల నులిపురుగు టమాటా, వంగ, బెండ, మిరప, ప్రత్తి వంటి అనేక పంటలపై బ్రతుకుతుంది. కనుక ఒక పంట తీసి దానికి లొంగే మరొక పంట వేస్తే పురుగు తగ్గదు. ఈ పురుగు ఇసుకపాలు ఎక్కువగా ఉన్న తేలిక నేలలలో బాగా వృద్ధిచెందుతుంది. మూత్రపిండాకారపు నులిపురుగు అనే మరొక జాతి ప్రత్తిని, ఆముదాన్ని ఆశిస్తుంది. దీనివలన బుడిపెలు రావు. అందుచేత గుర్తించటం మరింత కష్టం.

ఎండవేళ మొక్కలు వడలిపోవటం, ఆకులు పసుపుబారటం, చేనులో మచ్చలు మచ్చలుగా ఎదుగుదల తగ్గటం నులిపురుగుల సాధారణ లక్షణాలు. ఇవే లక్షణాలు నీటి ఎద్దడిలోను, పోషకలోపంలోను కనిపించుటవలన రైతు అదనంగా ఎరువు వేసి ఖర్చు పెంచుకొనే ప్రమాదం ఉంది. మొక్కను మట్టితో సహా నెమ్మదిగా పెకలించి వేళ్ళను కడిగి చూడటం మొదటి పరీక్ష. కంది, మినుము, పెసర వంటి పప్పుజాతి మొక్కల వేళ్ళకు నత్రజనిని స్థిరీకరించే మేలైన బుడిపెలు సహజంగా ఉంటాయి. అవి వేరుకు ప్రక్కగా అంటుకొని, గోటితో గీరితే సులభంగా ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె వేరులోనే ఉబ్బినది గనుక ఊడిరాదు. బుడిపెలు లేకపోయినా అనుమానం ఉన్నప్పుడు వేళ్ళను, మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.

వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టటం, వేపపిండి వేయటం, బంతిమొక్కలను పంటమార్పిడిగా పెంచటం, పురుగులేని నారును వాడటం సిఫారసు చేయబడిన పద్ధతులు. బంతి వేళ్ళలోని రసాయనాలు ముఖ్యంగా వేరుమచ్చ నులిపురుగులను అణచివేస్తాయి. నీరు నిలిపి వరి పండించటం వలన కూడా మెట్టపంటల నులిపురుగులలో పలుజాతులు తగ్గుతాయి. వీటిలో ఏది అవసరమో తేల్చుకొనుటకు ముందు మట్టిలో ఏ జాతి ఉన్నదో, ఎంత సంఖ్యలో ఉన్నదో తెలియాలి. ఆ లెక్కను కాబ్ 1918లో చూపిన బక్కెట్టు, జల్లెడల పద్ధతితోనే నేటికీ తీస్తున్నారు.